అడిగితే చెప్పేవారు లేని రోజుల్లో.. ఒకరికొకరు తోడుగా 50 ఏళ్లు

విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సిబ్బంది కట్టుకున్న 'యూజ్‌నిక్స్' కథ

ఉదయం తొమ్మిదిన్నరకు కళాశాల కంప్యూటర్ ల్యాబ్‌లో సర్వర్ మొరాయిస్తుంది. పది గంటలకు ప్రాక్టికల్ పరీక్ష. ప్రిన్సిపాల్ గది నుంచి కబురు మీద కబురు. సర్వర్ అమ్మిన సంస్థకు ఫోను చేస్తే నిర్వహణ ఒప్పందం గడువు ఎప్పుడో ముగిసిందన్న సమాధానం. జిల్లాలోని ఏ కళాశాలలోనైనా ల్యాబ్ ఇన్‌ఛార్జిగా పనిచేసిన వారికి ఈ అవస్థ కొత్త కాదు. అటువంటి వేళ వారికి మిగిలే దారి ఒక్కటే. పక్క పట్టణంలోని కళాశాలలో ఇదే ఉద్యోగం చేస్తున్న మిత్రునికి ఫోను చేసి, 'మీ దగ్గరా ఇలాగే అయిందా? ఏం చేశారు?' అని అడగడం.

సరిగ్గా ఇదే ప్రశ్న అర్ధ శతాబ్దం కిందట అమెరికాలో కొందరు విశ్వవిద్యాలయ ఉద్యోగులను ఒక గదిలోకి చేర్చింది. న్యూయార్క్‌లో మొదలైన ఆ చిన్న కూటమి కాలక్రమంలో 'యూజ్‌నిక్స్' అనే సంఘంగా ఎదిగి, 2025లో 50 వసంతాలు పూర్తిచేసుకుంది. అయితే అదే ఏడాది తన అత్యంత పాత సదస్సుకు ముగింపు పలకడం కూడా జరిగింది. సామాన్య పాఠకులకు ఈ పేరు పరిచయం లేకపోవచ్చు. కానీ మన చేతిలోని సెల్‌ఫోను వెనుక, కళాశాలల్లోని లైనక్స్ సర్వర్ల వెనుక, మన దేశంలో తొలి ఈ-మెయిళ్లు ప్రయాణించిన దారి వెనుక కూడా ఆ కూటమి చేసిన పని ఉంది.

అమ్మకూడదు.. ఇవ్వవచ్చు!

కథ అర్థం కావాలంటే ముందుగా 'యునిక్స్' గురించి తెలుసుకోవాలి. కంప్యూటర్ యంత్రానికీ మనిషికీ మధ్య నిలిచి అన్ని పనులూ నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ముర్రేహిల్‌లో ఉన్న బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్ 1969లో అటువంటి ఒక సిస్టంను రాశారు. డెన్నిస్ రిచీ రూపొందించిన 'సి' భాషలో దాన్ని 1973లో తిరగరాశారు. మన ఇంజినీరింగ్ విద్యార్థులు మొదటి సంవత్సరంలో కుస్తీ పట్టే 'సి' ఇదే. 1973 అక్టోబరులో ఒక సదస్సులో ఈ ఇద్దరూ యునిక్స్‌ను వివరించారు. 1974 జులైలో ఆ వ్యాసం ప్రముఖ కంప్యూటర్ పత్రికలో అచ్చయింది. అంతే, మాకూ ఇవ్వండంటూ విశ్వవిద్యాలయాల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి.

ఇక్కడే ఓ చిక్కు ఎదురైంది. బెల్ ప్రయోగశాల ఏటీ అండ్ టీ అనే టెలిఫోను కంపెనీది. దేశమంతటా టెలిఫోన్లపై గుత్తాధిపత్యం సాగిస్తున్న ఆ కంపెనీపై అమెరికా ప్రభుత్వం 1949లో దావా వేసింది. 1956లో రాజీ కుదిరింది. టెలిఫోను తరహా వ్యాపారం తప్ప వేరే వ్యాపారంలోకి అడుగుపెట్టరాదన్నది అందులో ముఖ్య షరతు. దాంతో యునిక్స్‌ను సరుకుగా చేసి అమ్ముకునే వీలు కంపెనీకి లేకపోయింది. విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముతో లైసెన్సు ఇవ్వడానికి మాత్రం అడ్డు లేదు. వ్యాపారం చేస్తున్నారన్న మాట రాకూడదని న్యాయవాదులు గట్టిగా పట్టుబట్టారు. ఫలితంగా ప్రకటనలు ఉండవు, సహాయం అందదు, లోపాలు సరిదిద్దరు, సొమ్ము మాత్రం ముందే చెల్లించాలి అన్న విధానం అమల్లోకి వచ్చింది.

కొన్నవాడి గతి ఏమిటి? టేపు ఒకటి చేతికి వస్తుంది. దాన్ని యంత్రంలోకి ఎక్కించుకోవడం, ఆగితే నడిపించుకోవడం, చెడితే బాగుచేసుకోవడం అంతా అతని తలనొప్పే. అయితే ఒక్క సానుకూలత ఉంది. ఆ టేపులో ప్రోగ్రాము మూలరూపం, అంటే సోర్స్ కోడ్ కూడా ఉండేది. రైతు పంపుసెట్టు మోటారు కాలిపోతే వైండింగ్ మిస్త్రీ విప్పి చూసి లోపం పట్టుకోగలడు. అదే మోటారును విప్పడానికి వీల్లేని పెట్టెలో పెట్టి సీలు వేస్తే ఎంతటి మిస్త్రీ అయినా చేతులెత్తేయాల్సిందే. యునిక్స్ విప్పడానికి వీలున్న మోటారు. విప్పడం తెలిసినవారు మాత్రం ఊరికొకరు చొప్పున చెల్లాచెదురుగా ఉన్నారు.

వైద్య కళాశాల గదిలో తొలి భేటీ

బెల్ ప్రయోగశాల వెలుపల యునిక్స్‌ను అందుకున్న తొలి వ్యక్తిగా లూ కాట్జ్ పేరు చెబుతారు. ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. తనకు వచ్చిన సందేహాలే ఇతరులకూ వస్తున్నాయని గ్రహించిన ఆయన చొరవతో 1974 మే 15న ఆ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో తొలి సమావేశం జరిగింది. పన్నెండు సంస్థల వరకు, రెండు డజన్ల మంది వరకు హాజరయ్యారు. పెళ్లిచూపుల పందిరి నిండేంత మంది కూడా కాదు. మరుసటి ఏడాది 1975 జూన్‌లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో జరిగిన భేటీకి ఆ సంఖ్య 40 దాటింది. బ్రూక్లిన్ కళాశాలకు చెందిన మెల్ ఫెరెంజ్ జులై నెలాఖరులో 'యునిక్స్ న్యూస్' అనే కరపత్రం వెలువరించడం ప్రారంభించారు. సంఘం తన వయసును ఈ 1975 నుంచే లెక్కిస్తోంది.

ఆ సమావేశాల్లో ఉపన్యాసాల కన్నా మాటామంతీకే ప్రాధాన్యం. ఫలానా డిస్కు ఇలా ఇబ్బంది పెడుతోందని ఒకరంటే, మేము ఈ రెండు వాక్యాలు మార్చి నెట్టుకొస్తున్నామని మరొకరు చెప్పేవారు. తాము రాసుకున్న చిన్న చిన్న ప్రోగ్రాములను టేపులకెక్కించి పంచుకునేవారు. లైసెన్సు ఉన్నవారి మధ్యనే ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగాలి. కనుక టేపు ఇచ్చే ముందు ఎదుటివారి వద్ద లైసెన్సు ఉన్నదీ లేనిదీ చూడాల్సి వచ్చేది.

ఆ తరం వారు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకొనే ముచ్చట ఒకటుంది. యునిక్స్‌లో బయటపడిన లోపాలకు బెల్ ప్రయోగశాలలో యాభై వరకు దిద్దుబాట్లు సిద్ధమయ్యాయి. వాటిని బయటకు పంపడానికి కంపెనీ న్యాయవాదులు ఎంతకూ ఒప్పుకోలేదు. లోపాలు సరిదిద్దడమంటే సహాయం చేసినట్టే కదా! రోజులు గడిచిపోతుండగా, ఫలానా రోజు ఫలానా సమయానికి ప్రయోగశాల ముందున్న రోడ్డు మీదకు వెళ్తే పనికొచ్చే వస్తువేదో దొరకవచ్చునంటూ సంఘంలోని వారికి ఓ ఫోను వచ్చిందట. వెళ్లి చూస్తే టేపు దొరికిందట. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. ఆ టేపు ప్రతులు చేతులు మారి విశ్వవిద్యాలయాలన్నింటికీ చేరాయి. కాగితం మీద నిబంధనలు ఎలా ఉన్నా, తాము చేసిన వస్తువు సరిగా పనిచేయాలన్న తపన చేసినవారికి ఉంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదేమో.

1977లో మరో ఇబ్బంది వచ్చిపడింది. 'యునిక్స్' తమ పేరని, దాన్ని వాడుకోరాదని కంపెనీ పక్షం నుంచి అభ్యంతరం వ్యక్తమైంది. సంఘం పేరు 'యూజ్‌నిక్స్' అయింది. కరపత్రానికీ కొత్త పేరు పెట్టారు. 1980లో సంఘం చట్టబద్ధంగా నమోదైంది.

జిరాక్సు ప్రతుల పాఠం

ఇంతలో సముద్రాలకు అవతల ఆస్ట్రేలియాలో మరో ముఖ్య ఘట్టం జరిగింది. న్యూ సౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ తన విద్యార్థుల కోసం యునిక్స్ మూలరూపాన్ని అచ్చువేయించి, దానికి వ్యాఖ్యానం రాశారు. పదివేల వరుసలకు లోపే ఉన్న ఆ ప్రోగ్రాముకు 1976, 1977లో తయారైన ఈ రెండు సంపుటాలు ఓ విధంగా మల్లినాథసూరి వ్యాఖ్య వంటివి. శ్లోకం పక్కన ప్రతిపదార్థం ఉన్నట్టుగా, ఫలానా వరుస ఎందుకుందో విడమరచి చెప్పారు. అయితే 1979లో వచ్చిన ఏడో కూర్పు లైసెన్సులో కంపెనీ కొత్త షరతు చేర్చింది. సోర్స్ కోడ్‌ను తరగతి గదిలో బోధించరాదన్నది దాని సారాంశం. దాంతో లయన్స్ పుస్తకం చాటుమాటు పుస్తకమైపోయింది. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు తీసుకుని, అక్షరాలు అలుక్కుపోయిన ప్రతులతోనే ఒక తరం చదువుకుంది. చట్టబద్ధంగా ఆ పుస్తకం అచ్చులోకి వచ్చింది 1996లో. మరో రెండేళ్లకు 1998లో లయన్స్ కన్నుమూశారు.

ఆ నిషేధం వృథా పోలేదు. విద్యార్థులకు చూపించడానికి కోడ్ లేకపోవడంతో ఆమ్‌స్టర్‌డామ్ అధ్యాపకుడు ఆండ్రూ టానెన్‌బామ్ యునిక్స్‌ను పోలిన 'మినిక్స్'ను సొంతంగా రాసి 1987లో ఇచ్చారు. దాన్ని వాడుతూ నేర్చుకున్న ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో 'లైనక్స్'కు శ్రీకారం చుట్టారు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్ల గుండెకాయ ఆ లైనక్సే.

రాత్రిపూట టెలిఫోను తీగలపై

ఏడాదికి ఒకటి రెండు సమావేశాలు సరే, మిగతా రోజుల మాటేమిటి? ఈ ప్రశ్నకు ఉత్తర కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్, పక్క విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ బెల్లోవిన్ ఓ జవాబు కనుగొన్నారు. ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌కు మామూలు టెలిఫోను లైనుపై ఫోను చేసి ఉత్తరాల కట్టను అప్పగిస్తుంది. ఆ రెండోది మూడోదానికి అప్పగిస్తుంది. ఊరూరా ఆగుతూ పోయే పాసింజరు బండి లాగా వార్తలు దేశం చుట్టివస్తాయి. ఫోను ఛార్జీలు తక్కువగా ఉండే రాత్రి వేళలోనే ఈ పని ఎక్కువగా సాగేది. 1980 జనవరిలో బోల్డర్ నగరంలో జరిగిన యూజ్‌నిక్స్ సమావేశంలో ఎల్లిస్ దీన్ని ప్రకటించారు. దాని పేరు 'యూజ్‌నెట్'. పేర్లు దగ్గరగా ఉన్నా సంఘం వేరు, వార్తల వల వేరు. అయితే ఒకదాని సభ్యులే రెండోదాని తొలి వాడుకరులు.

మన దేశానికి ఈ కథతో నేరుగా ఉన్న బంధుత్వం ఇక్కడే మొదలవుతుంది. వార్తల వలకు ఆదరణ పెరిగి, కొన్ని విశ్వవిద్యాలయాలపైనే ఫోను బిల్లుల భారం పడసాగింది. అందుకోసం ప్రత్యేక సంస్థ ఒకటి ఉండాలన్న ఆలోచనకు యూజ్‌నిక్స్ సంఘం పెట్టుబడి సాయం చేసింది. అలా 1987లో 'యూయూనెట్' ఏర్పడింది. సరిగ్గా అదే కాలంలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 1986లో 'ఎర్నెట్' అనే విద్యా, పరిశోధన నెట్‌వర్క్‌ను ప్రారంభించింది. ఢిల్లీ, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీలు, బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం, ఎలక్ట్రానిక్స్ శాఖ అందులో తొలి ఎనిమిది భాగస్వాములు. మొదట్లో ఇక్కడా డయలప్ ఫోన్లపై యునిక్స్ పద్ధతిలోనే మెయిళ్లు నడిచాయి. 1989లో బొంబాయి కేంద్రం నుంచి అమెరికాలోని యూయూనెట్‌కు సెకనుకు 9.6 కిలోబిట్ల లైను వేశారు. ఇవాళ వాట్సాప్‌లో పంపుకొనే ఒక మామూలు ఫొటో ఆ లైనుపై వెళ్లాలంటే నిమిషాలు పట్టేది. దేశంలోని విద్యాసంస్థల ఉత్తరాలన్నీ ఆ సన్నని దారి గుండానే విదేశాలకు వెళ్లేవి.

ఆ రాత్రి ఫోన్లు మోగాయి

ఇటువంటి పరిచయాలకు విలువ ఎంతో 1988 నవంబరు 2 రాత్రి తేలింది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు వదిలిన ప్రోగ్రాము ఇంటర్నెట్‌లోని యునిక్స్ యంత్రాల్లోకి పాకింది. దస్త్రాలను చెరపలేదు. కానీ ఒక్కో యంత్రంలో పదేపదే జొరబడి, తన ప్రతులతోనే నింపేసి ఊపిరాడకుండా చేసింది. అప్పట్లో ఇంటర్నెట్‌కు కలిసి ఉన్న దాదాపు 60 వేల కంప్యూటర్లలో 6 వేల వరకు దీని బారిన పడి ఉంటాయని నాటి అంచనా. అప్పటికి ఇటువంటి ఉపద్రవానికి సహాయ కేంద్రం అనేదే లేదు. ప్రభుత్వ విభాగం లేదు, కంపెనీ హెల్ప్‌లైన్ లేదు.

నిద్ర లేచి వచ్చినవారు విశ్వవిద్యాలయాల సిస్టం సిబ్బందే. బర్కిలీలో ఒక జట్టు, ఎంఐటీలో మరో జట్టు ఆ ప్రోగ్రామును పట్టి, విప్పి, అది ఏ కంతలోంచి వస్తున్నదో కనుగొనే పనిలో పడ్డాయి. అదే వారం బర్కిలీలో యునిక్స్ నిపుణుల కార్యశాల జరుగుతుండడం కలిసివచ్చింది. దిద్దుబాట్లు గంటల వ్యవధిలోనే సిద్ధమయ్యాయి. కానీ పంపేదెలా? భయంతో చాలా సంస్థలు నెట్‌వర్క్ నుంచి తమ యంత్రాలను తప్పించాయి. మందు వెళ్లాల్సిన దారి మూసుకుపోయింది. చివరకు పనికివచ్చింది పాత టెలిఫోనూ, పాత స్నేహాలే. సమావేశాల్లో ముఖాలు చూసుకున్న వారు కావడంతో ఎవరికి ఫోను చేయాలో, చెప్పిన మాట నమ్మవచ్చో లేదో వారికి తెలుసు. ఈ అనుభవంతోనే ఆ నెలలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అత్యవసర స్పందన బృందం 'సెర్ట్' ఏర్పాటైంది. మన దేశంలో 2004 నుంచి పనిచేస్తున్న 'సెర్ట్-ఇన్' కూడా ఆ తరహా వ్యవస్థే.

ఎవరికీ కనిపించని ఉద్యోగం

సిస్టం అడ్మినిస్ట్రేటర్ అన్న ఉద్యోగానికి ఓ విచిత్ర లక్షణం ఉంది. ఊరికి నీళ్లు వదిలే పంపు ఆపరేటరు లాంటిదది. కుళాయి వస్తున్నన్నాళ్లూ ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక్కపూట నీళ్లు రాకపోతే వీధి వీధంతా ఆయన ఇంటి ముందే ఉంటుంది. ఒక విభాగంలో పదిమంది అధ్యాపకులుంటే వారు ఒకరితో ఒకరు విషయం చర్చించుకోవచ్చు. సిస్టం మనిషి మాత్రం సంస్థకు ఒక్కడే. తాను చేసిన పని సరైనదో కాదో చెప్పగలిగిన వ్యక్తి ఆ ఆవరణలోనే ఉండడు.

ఈ ఒంటరితనాన్ని గుర్తించడంలో యూజ్‌నిక్స్ ముందడుగు వేసింది. 1987లో ఫిలడెల్ఫియాలో ఈ ఉద్యోగుల కోసమే 'లీసా' పేరిట తొలి కార్యశాల నిర్వహించింది. భారీ వ్యవస్థల నిర్వహణ అన్నది దాని అంశం. వందమందికి మించి వాడుకరులుంటే అప్పట్లో 'భారీ' కిందే లెక్క! మన కళాశాలల్లో ఒక్క ఏడాది ప్రవేశాలే అంతకు మించి ఉంటాయి. 1992లో ఆ ఉద్యోగుల కోసం సంఘంలోనే ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. ఇతరుల మెయిళ్లు, దస్త్రాలు చూడగల అధికారం చేతిలో ఉన్నవాడు ఎలా మెలగాలన్నదానిపై నియమావళి రూపొందింది. మన దగ్గర ఈ చర్చ ఇప్పటికీ అరుదే.

ఈ సదస్సుల్లో ఉపన్యాసాల కన్నా సాయంత్రం కూడికలకే ఎక్కువ పేరు. హాజరైన వారెవరైనా ఒక అంశాన్ని ప్రతిపాదించి, గది, సమయం ప్రకటించవచ్చు. ఆసక్తి ఉన్నవారు వచ్చి చేరుతారు. పెద్దా చిన్నా తేడా లేదు. వేదిక ఉండదు, శాలువాలు ఉండవు. ఒకరి తప్పు మరొకరికి పాఠంగా మారేది ఇక్కడే.

ముగిసినవి, మిగిలినవి

1984లో ఏటీ అండ్ టీ విభజన తర్వాత ఆంక్షలు సడలి, యునిక్స్ ఖరీదైన సరుకుగా మారింది. ఆ తర్వాత లైనక్స్ రాకతో పాత గొడవలన్నీ చరిత్రలో కలిశాయి. సర్వర్లు కళాశాల గదుల్లోంచి కదిలి ఎక్కడో ఉన్న డేటా కేంద్రాలకు చేరాయి. సిస్టం ఉద్యోగి పేరు మారింది, పని తీరు మారింది. లీసా సదస్సు 2021తో ఆగిపోయింది. తాను నేర్పించిన పాఠాలు అన్ని చోట్లా మామూలు పద్ధతులైపోవడమూ అందుకు కారణమని నిర్వాహక వర్గాల వివరణ. సంఘపు మూల సదస్సుగా భావించే వార్షిక సాంకేతిక సదస్సు 2025 జులైలో బోస్టన్‌లో చివరిసారి జరిగింది. భద్రత, డేటా నిల్వ వంటి ప్రత్యేకాంశాల సదస్సులు మాత్రం కొనసాగుతున్నాయి. ఒకప్పుడు ఒకే గదిలో కూర్చున్న వారి వారసులు ఇప్పుడు తలో సదస్సుకు వెళ్తున్నారన్నమాట. యాభై ఏళ్ల పండుగ వేళ ఇది కొంత బాధ కలిగించే విషయమే అయినా, ఊరు పెరిగితే ఒక్క రచ్చబండ సరిపోదు కదా.

మన విద్యార్థులకు నేరుగా ఉపయోగపడే సంగతి ఒకటుంది. ఈ సంఘం తన సదస్సుల పత్రాలన్నింటినీ 2008 నుంచి ఎవరైనా రుసుము లేకుండా చదువుకునేలా తెరిచి ఉంచింది. పట్టణంలోని ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థి అయినా, పల్లెలో సెల్‌ఫోనుతో చదివే డిప్లొమా విద్యార్థి అయినా వాటిని చదవవచ్చు.

జిల్లాలో ఇన్ని కళాశాలలున్నా వాటి ల్యాబ్ సిబ్బంది ఏడాదికి ఒక్కసారైనా ఒకచోట కూర్చునే ఆనవాయితీ మాత్రం కానరాదు. వాట్సాప్ గ్రూపులు లేకపోలేదు. వాటిలో శుభోదయం సందేశాలు దాటుకుని అసలు సమస్య దగ్గరకు వెళ్లేసరికి పరీక్ష సమయం మించిపోతుంది. పైగా ఒకరు ఈ ఏడాది కనుగొన్న పరిష్కారం వచ్చే ఏడాది మరొకరికి దొరికే మార్గం లేదు. న్యూయార్క్ వారు తొలి రోజుల్లోనే కరపత్రం మొదలుపెట్టింది ఇందుకోసమే. ఇన్‌ఛార్జి బదిలీ అయినా, ఉద్యోగం మానుకున్నా అతను నేర్చుకున్నది కాగితంపై మిగులుతుంది. ఇందుకు కావలసింది నిధులు కాదు, ఒక గది, ఒక శనివారం మధ్యాహ్నం, ఒక రిజిస్టరు.

ఆ సెమీకోలన్ ఏమిటి?

1977లో పేరు మార్చుకున్న ఆ కరపత్రానికి పెట్టిన పేరు ';లాగిన్:'. ముందు సెమీకోలన్, వెనుక కోలన్. అచ్చుతప్పు అనుకునేవారే ఎక్కువ. నిజానికి ఆ రోజుల్లో టెలిటైప్ మోడల్ 37 అనే టెర్మినల్ వాడేవారు. దాన్ని రెండువైపులా ఒకేసారి మాట్లాడే స్థితిలోకి తేవడానికి యునిక్స్ ముందుగా ఒక రహస్య సంకేతాన్ని, దాని వెంట సెమీకోలన్‌ను పంపి, ఆపై 'లాగిన్' అని అడిగేది. మోడల్ 37 ఆ రెండింటినీ ఆజ్ఞగా స్వీకరించేది కనుక కాగితంపై అవేవీ పడేవి కాదు. ఇతర టెర్మినళ్లకు ఆ సంకేతం అర్థమయ్యేది కాదు, సెమీకోలన్‌ను మాత్రం యథాతథంగా చూపించేవి. ఆ గుర్తు ఎందుకొచ్చిందో తెలిసినవాడు మనవాడే అన్నమాట. 2021 నుంచి ఆ పత్రిక కాగితంపై రావడం లేదు. ఆన్‌లైన్ సంచికలోనూ పేరు ముందు సెమీకోలన్ అలాగే ఉంది.